‘ఓటుకి మనకెంతిచ్చారమ్మా?’

మొన్న మావాడు సోషల్ బిట్లు అప్పజెబుతున్నాడు. ‘ఓటు హక్కు ఎన్నేళ్లకి? 18. అంతకుముందు? 21. మార్చిన సవరణ? 61. అమల్లోకి వచ్చింది? 1989.’ గడగడా చెప్పేస్తుంటే మార్కులకి ఢోకాలేదనుకుంటూ నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్నాను. పుస్తకం మూసి అడిగాడు కదా, ‘అమ్మా, కిందటిసారి ఓటుకి మనకెంతిచ్చారు?’

కిలో ఉల్లిపాయలెంత అన్నంత మామూలుగా అడిగాడు!

నాకెందుకో దూబగుంట గుర్తొచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. పగలంతా కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు పలకలు పట్టారు. వాళ్ల వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఓ పాఠం. సారా కొంపలెలా కూలుస్తుందో, ఆడవాళ్లు కలిస్తే దుకాణం ఎలా మూయించగలరో అందులో ఉంది. పాఠం చదివి ఊరుకోలేదు వాళ్లు. దాని గురించి మాట్లాడుకున్నారు. మాట్లాడుకుంటే అది ఎవరింటి కథో తెలిసిపోయింది. వర్ధినేని రోశమ్మా, ఆ ఊరి ఆడవాళ్లూ నిజంగానే సారా దుకాణం మూయించారు. ఆ సంగతే మళ్లీ ‘ఆడవాళ్లే ఏకమైతే’ అని ఇంకో పాఠమయింది! అది చదివి పక్క ఊళ్లు కదిలాయి, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం. 1994 డిసెంబరు 12న ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం చేస్తూనే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1997లో అది ఎత్తేశారనుకోండి, ఖజానా గోల ఖజానాది. సంతకం పెట్టించింది మాత్రం అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్న చేతులు.

మావాడి పుస్తకంలోనూ ఓటుంది, హక్కులున్నాయి. వాటి గురించి మాట్లాడుకోవడానికి తీరికేదీ? పీరియడ్ అయ్యేలోపు సిలబస్ అవ్వాలి, పరీక్షలోపు బిట్లు అవ్వాలి. మూడేళ్లు పోతే వాడూ ఓటేస్తాడు.

బడినొక్కదాన్నీ అని ఏం లాభంలెండి. ఎన్నికలప్పుడు ఎవరో బొట్టు పెట్టి కుంకుమ భరిణె చేతిలో పెడితే, ఆడపడుచులాంటి దానివమ్మా అంటే, కాదనలేక తీసుకున్నాను. వాడు గుమ్మంలోనే ఉన్నాడప్పుడు.

ఆ రాత్రి అన్నాలయ్యాక రోశమ్మ కథంతా చెప్పాను. ‘ఇది బిట్లలో వస్తుందా?’ అన్నాడు. రాదన్నాను. కాసేపాగి, ‘మరి నువ్వు ఆ భరిణె ఎందుకు తీసుకున్నావు?’ అన్నాడు.

అది ఇంకా దేవుడి గూట్లోనే ఉంది.