కీ తీసినా ఆగని డీజిల్ ఇంజిన్‌ను ఎలా ఆపాలి?

మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ట్రాక్టర్లు, టిప్పర్లు, జనరేటర్లు, ఏది చూసినా డీజిల్ మీద నడిచేవే. వీటిలో అప్పుడప్పుడు ఒక ప్రమాదం వస్తది. కీ తీసేసినా ఇంజిన్ బంద్ కాదు. చప్పుడు పెరుగుతూనే ఉంటది, పొగ కమ్మేస్తది. అప్పుడేం చెయ్యాలో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు కారణం తెలుసుకోవాలి. పెట్రోల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉంటుంది, కరెంటు తీస్తే ఆగుతుంది. డీజిల్‌కు అది లేదు. లోపల గాలి గట్టిగా నొక్కుకుని వేడెక్కుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. కీ ఆపేది డీజిల్‌ను మాత్రమే. టర్బో సీల్ పోయినా, రింగులు అరిగినా, ఆయిల్ గీత దాటి పోసినా ఆ ఇంజిన్ ఆయిలే లోపలికి పోయి డీజిల్ లాగా మండుతుంది. ఇక దాని వేగాన్ని పట్టేవాడు ఉండడు.

బయట గ్యాస్ లీకైనా ఇదే జరుగుతుంది. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో స్టార్ట్ చేసి నిలిపిన ఒక డీజిల్ పికప్ ఇంజిన్ ఆవిరిని పీల్చి రయ్యిన లేచింది. నిప్పు అక్కడే అంటుకుని ఉండొచ్చని దర్యాప్తులో చెప్పారు. ఆ పేలుడులో 15 మంది పోయారు.

సరే, ఆపడం ఎలా? మొదట మనుషుల్ని దూరం పంపండి. ఫ్లైవీల్‌కు, ఫ్యాన్‌కు ఎదురుగా ఎవ్వరూ నిలబడొద్దు, ముక్కలైతే అటే వస్తాయి. తర్వాత స్టాప్ లివర్ లాగండి, డీజిల్ కాక్ కట్టెయ్యండి. పంపులో లోపమైతే దీంతోనే ఆగుతుంది.

ఆగలేదంటే గాలి ఆపాలి. గాలి పీల్చే గొట్టం నోటికి మందమైన చెక్క పలక అడ్డం పెట్టండి. చెయ్యి పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేస్తది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే ఆ నోట్లోకే కొట్టండి.

గేర్ల బండిలో కూర్చుని ఉంటే, ముందు దారి ఖాళీగా ఉండాలి. బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదలండి. ఇంజిన్ బరువుకు ఆగిపోతది.

దగ్గరికి పోయే వీలు లేకుంటే వదిలెయ్యండి. ఇంజిన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ప్రాణం కొనలేం కదా.

ఆగినాక వెంటనే మూతలు విప్పొద్దు, మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు. చల్లారినాక ఆయిల్ మట్టం, టర్బో, గాలి ఫిల్టర్ మెకానిక్‌తో చూపించండి. మీ బండికి గాలి నోరు ఎక్కడుందో మాత్రం ఇవ్వాళే చూసి పెట్టుకోండి. ఉంటానండి.