ఇంటిపని, ఇంట్లో పని, మన పిల్లలు

మన తాతముత్తాతలు సముద్రం దాటి మలయాకు వచ్చినది పనికోసం. కొందరు ఒప్పందపు కూలీలుగా వచ్చారు. ఆ పద్ధతి 1910లో రద్దయిన తరువాత కంగాణీల వెంట వచ్చినవారు మరికొందరు. ఏ దారిన వచ్చినా వారు చేరినది తోటల్లోని లైను ఇళ్ళకే. పనీ దొరదే, ఇల్లూ దొరదే. పని పోతే ఇల్లు కూడా పోయేది.

వారి మనుమలమైన మనం చదువుకొని పట్నాలు చేరాము. పని ఒకచోట, ఇల్లు ఒకచోట అయింది. అది ఎంతో కష్టపడి సంపాదించుకున్న వెసులుబాటు. కాని 2020 మార్చి 18న దేశంలో సంచార నియంత్రణ అమలులోకి వచ్చినప్పుడు పని మళ్ళీ మన గడప దాటి లోపలికి వచ్చింది. నియంత్రణలు పోయాక కూడా వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు కొన్ని కంపెనీలలో నిలిచిపోయింది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఇందుకు సంతోషించారు. మేమూ సంతోషించినవారమే. "పని చూసుకోవచ్చు, పిల్లలనూ చూసుకోవచ్చు" అనుకున్నాము. ఈ మాటలో ఎంత నిజముందో ఇప్పుడు ఆలోచించాలి.

తోటల కాలాన్ని ఒకసారి గుర్తుకు తెచ్చుకుందాం. తెల్లవారకముందే పెరట్టుకు వెళ్ళి హాజరు చెప్పాలి. ఎండ ముదిరితే రబ్బరు చెట్టునుంచి పాలు సరిగా కారవు గనుక చీకటితోనే గీత మొదలయ్యేది. తల్లులు నిద్రపోతున్న బిడ్డలను ఎత్తుకొని వెళ్ళి, ఆయా చూసుకునే కొట్టంలో దించి, చెట్లలోకి నడిచేవారు. ఆ కొట్టాలు గొప్పగా ఉండేవని మేము అనడం లేదు. కాని ఒక్క సంగతి గమనించాలి. సెంటు సెంటుకూ లెక్క చూసుకునే తోటవారికి కూడా, గీతకత్తి పట్టిన చెయ్యి ఉయ్యాల ఊపలేదని తెలుసు. అందుకే పనివేళకు పిల్లల దగ్గర వేరే మనిషి ఉండేది.

ఇప్పుడు మనం ఆ తెలివిని మరచిపోయాము. కంప్యూటరు ముందు కూర్చున్న తల్లి ఇంట్లోనే ఉన్నది గదా అని పిల్ల బాధ్యత ఆమె మీదే వదిలేస్తున్నాము. వంటా ఆమెదే, పిల్లా ఆమెదే, మీటింగూ ఆమెదే. తండ్రి ఇంటినుంచి పనిచేస్తే మాత్రం "నాన్నగారు పనిలో ఉన్నారు, అల్లరి చేయకండి" అంటాము. ఒకే ఇంట్లో ఒకరి పని పని, ఇంకొకరి పని తీరిక అయిపోయింది.

మా ఇంట జరిగిన చిన్న సంగతి చెబుతాము. ఒక సాయంత్రం మామ్మ మనుమరాలిని అన్నానికి పిలిచింది. ఆరేళ్ళ పిల్ల తలెత్తకుండా "వన్ మినిట్, మామ్మా" అంది. నవ్వుకున్నాము. తరువాత నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారు? రోజంతా మేము ఆమెతో అన్నది ఆ ఒక్క మాటే. మేము ఇంట్లోనే ఉన్నాము, కాని ఆమె దగ్గర లేము.

కాబట్టి ఇంటినుంచి పనిచేసేవారు మొట్టమొదట ఒప్పుకోవలసినది, పని చేయడం వేరు, పిల్లను చూడడం వేరు అన్నదే. పనివేళలో చిన్నపిల్లకు ఒక మనిషి కావాలి. తాతామామ్మలు కావచ్చు, పిల్లల కేంద్రం కావచ్చు, ఇరుగుపొరుగు తల్లులు వంతులవారీగా చూసుకోవడం కావచ్చు. పెద్దవారిని అడిగేటప్పుడు వారి ఓపికను కూడా చూడాలి. వారు ఎనిమిది గంటలు పరుగెత్తలేరు. భార్యాభర్తలిద్దరూ ఇంట్లో ఉంటే వేళలు పంచుకోవాలి. ఉదయం రెండు గంటలు ఒకరు, మధ్యాహ్నం రెండు గంటలు ఒకరు అని ముందుగానే అనుకొని, ఆ ప్రకారం మీటింగులు పెట్టుకోవాలి.

రెండవది గంట. తోటలో పని మొదలుకూ గంటే, ముగింపుకూ గంటే. ఇంట్లో కంప్యూటరుకు ముగింపు గంట లేదు. అన్నం తింటున్నా ఫోను మోగుతూనే ఉంటుంది. ఆ గంట మనమే కొట్టుకోవాలి. ఒక వేళ నిర్ణయించుకొని, కంప్యూటరు మూసి, పిల్లలకు కనపడకుండా బీరువాలో పెట్టండి. మూసిన కంప్యూటరును చూస్తేనే పిల్లకు అమ్మ తనదైందని తెలుస్తుంది. విడిగా గది లేనివారు ఒక మూల, ఒక బల్ల, ఒక కుర్చీ పనికి కేటాయిస్తే చాలు. పడకమీద మాత్రం పని పెట్టుకోవద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1955నాటి ఉద్యోగ చట్టానికి చేసిన సవరణలు 2023 జనవరి 1న అమలులోకి వచ్చాయి. పనివేళలనుగాని, పనిదినాలనుగాని, పనిచేసే చోటునుగాని మార్చమని ఉద్యోగి రాతపూర్వకంగా కోరవచ్చు. యజమాని 60 రోజులలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే కారణం చెప్పాలి. తప్పక ఒప్పుకోవాలని చట్టం అనడం లేదు. అందుచేత అర్జీలో మీ అవసరంతోపాటు పని ఎలా జరుగుతుందో కూడా వివరంగా రాయండి. వారానికి పనిగంటల పరిమితి 48 నుంచి 45కు తగ్గింది. ఇంట్లో కూర్చున్నంతమాత్రాన ఈ లెక్క మారదు. వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించాలంటే మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి. నెలకు 4,000 రింగిట్లు దాటని జీతగాళ్ళకు అదనపు గంటలకు అదనపు కూలి చట్టప్రకారం రావాలి. ఈ చట్టం పడమటి మలేషియాకు, లబువాన్‌కు వర్తిస్తుంది. సబా, సరవాక్‌లకు వేరే శాసనాలు ఉన్నాయి.

ఇక మనకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఒకప్పుడు తోటల్లో తెలుగు బడులు ఉండేవి. తోటలు చెదిరాయి, బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన పిల్లలు మలాయి చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు, కొందరు తమిళం చదువుతారు. వారానికొకసారి జరిగే తెలుగు తరగతి మంచిదే, కాని ఒక్క పూటతో భాష నిలవదు. మిగిలిన ఆరు రోజులకు బడి మన ఇల్లే. ఆ ఇంట్లో పిల్లకు రోజంతా వినిపించేది అమ్మానాన్నలు మీటింగులో మాట్లాడే ఇంగ్లీషు, ఊరుకోబెట్టడానికి చేతికిచ్చిన ఫోనులోని ఇంగ్లీషు అయితే, తెలుగు ఎక్కడినుంచి వస్తుంది?

ఇందులోనే ఒక అవకాశం కూడా ఉంది. ఆఫీసుకు పోవడానికి గంట, రావడానికి గంట పట్టేవారు వారానికి మూడు రోజులు ఇంటినుంచి పనిచేస్తే ఆరు గంటలు మిగులుతాయి. ఆ ఆరు గంటలూ కంపెనీకే మళ్ళీ సమర్పిస్తే మనకు దక్కింది ఏమీ లేదు. అందులో రోజుకు ఒక్క గంట పిల్లల పేర కట్టివేయండి. ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కరలేదు. పక్కన కూర్చోబెట్టుకొని కూర తరుగుతూ కూరల పేర్లు చెప్పండి. చింతపండు నానబెట్టమనండి. తాత తోటలో ఏ పని చేసేవాడో మామ్మచేత చెప్పించండి. పనివేళలో పిల్లను చూసే మామ్మే మన ఇంటి తెలుగు పంతులమ్మ అని కూడా గుర్తుంచుకుందాం.

మన ముందటి తల్లులకు ఎంచుకునే వీలు లేదు. దొర గంట కొడితే బిడ్డను దించి వెళ్ళవలసిందే. మనకు ఆ వీలు కొంతైనా దొరికింది. గంట మన చేతిలో ఉంది. సాయంత్రం దానిని వేళకు కొట్టి, పిల్లలు పిలిస్తే "ఒక్క నిమిషం" అనకుండా లేచి వెళదాం.