పురిటిగదిలో మొదటి గంట



పురిటిగదిలో బిడ్డ కేరుమనగానే ఇంటిల్లిపాదియు మగబిడ్డయా, ఆడబిడ్డయా యని యడుగుదురు. ఒడలి తడి తుడిచిరా యని యడుగువారిని నేనరుదుగా చూచితిని. ఈ పూట ఆ రెండవ ప్రశ్నను గూర్చియే మీతో ముచ్చటింపదలచితిని.

నేను వైద్యవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, ఒక చిన్న ఆసుపత్రిలో, ఒకనాటి రాత్రి కాన్పైన తల్లికి రక్తస్రావ మధికమయ్యెను. అందరమును ఆమె చుట్టు చేరి, బిడ్డను బల్లపై నుంచి మరచితిమి. తల్లి దక్కినది. అటుపిమ్మట బిడ్డ పాదములను తాకి చూడగా మంచువలె నుండెను. వెంటనే తల్లి యెదపై చేర్చి కప్పితిమి. తెల్లవారునప్పటికి బిడ్డ పాలు కుడిచెను. ఆ చల్లని పాదములను నేనిప్పటికిని మరువలేదు.

కుండ వెలుపలి చెమ్మ యారుచు లోని నీటిని చల్లబరచును గదా! తడి యొడలి శిశువునకును అట్లే యగును. కావున పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తీసివేసి, తల్లి చర్మమునకు బిడ్డ చర్మము తగులునట్లు పరుండబెట్టి, ఇరువురిని కలిపి కప్పవలెను. స్నానము 24 గంటలు గడచిన పిదపనే.

చక్కగా ఊపిరి తీయు బిడ్డకు బొడ్డుత్రాడును 1 నిమిషము దాటిన పిదప, 3 నిమిషముల లోపల కోయుట మేలు. మాయలోని రక్తము మరికొంత చేరి, పిదపటి రక్తహీనతను తగ్గించును. తుడిచి వీపు నిమిరినను ఊపిరి తీయని బిడ్డకు మొదటి నిమిషములోనే, ముక్కుపై నోటిపై అమర్చు తొడుగుతోను, చేత నొక్కు గాలిసంచితోను ఊపిరి నందింపవలెను. ఆ సాధనము ప్రతి కాన్పునకు ముందే సిద్ధముగా నుండవలెను.

1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, క్లోరిన్ కలిసిన సున్నపునీటితో చేతులు కడుగు నియమము పెట్టగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. బిడ్డను తాకు మనమందరమును సబ్బుతో చేతులు కడుగుకొనుట యేల మానవలెను?

ఇక పెద్దల చేతిలోని పని. తేనె, పంచదారనీరు, ఆముదము నాకింపవద్దు. మొదటి గంటలోనే ముర్రుపాలు త్రాగనిండు. బొడ్డుపై పసుపుగాని బూడిదగాని అద్దకుడు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమము వలన ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, మందులు, ఇంటికి చేర్చు బండి ఉచితములు. కావున ఖర్చునకు వెఱచి తొందరపడి మరలకుడు, రెండుదినములు నిలువుడు. బిడ్డ పాలు కుడువకున్నను, చల్లబడినను, ఎగయూపిరి పెట్టినను, తొలినాడే పచ్చబడినను క్షణము జాగుచేయక చూపుడు.

ఉతికి ఎండలో నారవేసిన రెండు మెత్తని నూలుగుడ్డలను ఆసుపత్రికి పంపుడు. అవి యే పట్టుబట్టలకంటెను విలువైన పురిటికానుక.