కుక్క గోడ దూకుతోందా? గొలుసు కంటే ముందు ఫోన్ పెట్టండి

ఈరోజు ఎపిసోడ్ కురబలకోటలో మా ఇంటి నుంచే. మనం బయటికి పోతానే కుక్క మొరగడం, గోడ దూకి పారిపోవడం... దీని గురించి మాట్లాడుకుందాం.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి నేను ఇంటికొచ్చాక, మా టైగర్ రోజంతా నా కాళ్ల దగ్గరే ఉండేవాడు. షూటింగులకని నేను బయట తిరగడం మొదలుపెట్టాక కష్టాలు మొదలైనాయి. పక్కింటి అవ్వ వచ్చి, "ఏమప్పా, నువ్వు పోతానే మీ కుక్క ఒకటే అరుపు. పసిబిడ్డకు నిద్రే లేదు" అనింది. ఇంకోరోజు మదనపల్లె రోడ్డు మీద టమాటా లారీ డ్రైవరు బ్రేకు వేయకపోయుంటే టైగర్ మనకు మిగిలేవాడు కాదు. మా నాయన "గొలుసేసి కట్టేయ్‌రా" అన్నాడు.

ఎర్రర్ మెసేజ్ దాచేస్తే కోడ్‌లో బగ్ పోతుందా? గొలుసు కూడా అంతే. కట్టేస్తే దూకడం ఆగుతుంది, భయం ఆగదు, మొరుగుడు ఇంకా పెరగొచ్చు. పైగా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో బరువు గొలుసుతోనో అదే పనిగా కట్టి ఉంచడం నేరం.

అందుకే ముందు కారణం పట్టుకోవాల. వాకిట్లో ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, సంగటి ముక్కలు చల్లి బయటికి పోయినాను. వీడియోలో ఏముందంటే, బండి శబ్దం దూరం కాగానే వగర్చడం, గేటు గీరడం, మొరగడం. తర్వాత గోడ పక్కన మేము పేర్చిన టమాటా బాక్సులెక్కి ఒక్క దూకు! మెట్లు కట్టిచ్చింది మేమే. సంగటి అట్లే ఉంది.

ఇది ముఖ్యమైన గుర్తు. తిండి తిని, కాసేపు ఆడి, తర్వాత మొరిగితే చాలావరకు అది విసుగు. ఇష్టమైన తిండి కూడా ముట్టకుండా మనం పోయిన వెంటనే గోల చేస్తే ఒంటరితనం భయం అనుకోవచ్చు. మగకుక్క ఆడకుక్క కోసం కూడా దూకుతుంది. అట్లయితే ఆపరేషన్ గురించి పశువుల డాక్టర్‌ని అడగండి.

విసుగైతే పొద్దున్నే బాగా తిప్పండి, తిండిని వెతుక్కుని తినేలా పెట్టండి. భయమైతే అలవాటు చేయాల. బండి తాళం తీసుకోండి, మళ్ళీ పెట్టేయండి. కుక్క పట్టించుకోవడం మానేసినాక గేటు దాటి, అది కంగారు పడేలోపే తిరిగి రండి. అర నిమిషం, ఒక నిమిషం, ఐదు నిమిషాలు... మెల్లగా పెంచండి. మొరిగిందంటే మనం తొందరపడినామని అర్థం, ముందు మెట్టుకు రండి. ఇంటికొచ్చాక కొట్టొద్దు. ఎందుకు కొట్టారో దానికి తెలీదు, మన రాక కూడా భయమైపోతుంది.

గోడ పక్క సామాన్లు తీసేయండి. తవ్వే కుక్కయితే గోడ మొదట్లో బండలు పరచండి. గాజు పెంకులు మాత్రం వద్దు, భయపడిన కుక్క వాటిమీద నుంచీ దూకుతుంది. రేబిస్ టీకా మర్చిపోవద్దు.

రెండు నెలలకు టైగర్ గంటన్నర నిమ్మళంగా ఉంటున్నాడు. అంతకుమించి పనుంటే అవ్వ దగ్గర వదిలిపోతాను. కంప్లైంట్ ఇచ్చిన అవ్వే ఇప్పుడు "ఈపొద్దు యాడికీ పోవా?" అని అడుగుతోంది.

మీరూ ఈరోజే ఒకసారి ఫోన్ పెట్టి చూడండి. మళ్ళీ కలుద్దాం!