సున్నపురాతి నేలల్లో నీటి జాడ తీయుట ఎట్లు?

పాలకేంద్రంలో వెన్న శాతం గురించి, లాక్టోమీటరు రీడింగు గురించి పట్టించుకున్నంతగా మనం నీటిని గురించి పట్టించుకోము. ఆవుపాలలో నూటికి సుమారు 87 పాళ్లు, గేదెపాలలో 82 పాళ్లకు పైగా నీరే. పాడి పశువు తాగే నీరు, క్యాన్లు కడిగే నీరు, మన పిల్లలు తాగే నీరు చాలా ఊళ్లలో ఒకే బావి నుండి గాని, ఒకే బోరు నుండి గాని వస్తున్నది. ఆ నీరు ఎక్కడిది, దారిలో దానిలో ఏమి కలిసింది అన్న సంగతి సున్నపురాతి నేలలున్న సంఘాల సభ్యులు తప్పక తెలుసుకోవలసి ఉన్నది. పల్నాడు, నంద్యాల, కడప ప్రాంతాల్లోను, తెలంగాణలో తాండూరు వైపున ఇట్టి నేలలు ఉన్నవి.

ఈ రాతి ప్రత్యేకత

వాన నీరు మట్టిలోకి దిగేటప్పుడు వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాతిని కరిగిస్తుంది. వెంట్రుకవాసి పగులు కొన్ని వేల సంవత్సరాలకు సొరంగమవుతుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు అట్లా ఏర్పడినవే. ఇసుక నేలలో నీరు మెల్లగా వడకట్టబడి దిగుతుంది. సొరంగంలో ఆ వడపోత ఉండదు. పైన కలిసిన మురికి అదే రూపంలో దూరం పోతుంది.

జర్మనీలో డాన్యూబు నది ఒకచోట సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. ఆ నీరు ఎటు పోతున్నదో చూడడానికి 1877లో 10 కిలోల ఆకుపచ్చ రంగు మందును నదిలో కలిపారు. సుమారు 60 గంటల తరువాత, 12 కిలోమీటర్ల దూరాన ఆఖ్ ఊటలో ఆ రంగు కనబడింది. రంగు కలపడానికి వీలులేనిచోట నీటిలో సహజంగా ఉన్న గుర్తులనే చదవవలెను.

రసాయన పరీక్ష ఏమి చెప్పును?

సున్నపురాతి నుండి కాల్షియం, డోలమైటు రాతి నుండి కాల్షియంతోపాటు మెగ్నీషియం నీటిలో చేరతాయి. కనుక ఈ రెంటి పాళ్లను బట్టి నీరు ఏ రాతిలో నడిచిందో ఊహించవచ్చును. వాన కురిసిన కొద్ది రోజులకే ఊట నీటి కఠినత్వం పడిపోతే, కొత్త నీరు పెద్ద సందుల గుండా వేగంగా వస్తున్నదని అర్థం. క్లోరైడు, నైట్రేటు రెండూ కలిసి పెరిగితే పెంటకుప్పనో, మరుగుదొడ్డి గుంటనో అనుమానించవలెను.

ఐసోటోపులు ఏమి చెప్పును?

ఒకే మూలకానికి చెంది, బరువులో తేడా గల పరమాణువులను ఐసోటోపులంటారు. నీటిలోని ఆక్సిజను పరమాణువుల్లో వేయింటికి సుమారు రెండు 18 భారం గలవి. తక్కినవి దాదాపు అన్నీ 16 భారం గలవి. చెరువు నీరు ఎండకు ఆవిరయ్యేటప్పుడు తేలికవి ముందుగా పోయి, బరువైనవి మిగులుతాయి. కాబట్టి బావిలోకి చెరువు ఊట వస్తున్నదా, వాన నీరే నేరుగా దిగుతున్నదా అన్నది తేల్చవచ్చును.

ట్రిటియం అనేది 12.3 ఏళ్లకొకసారి సగం తగ్గిపోయే హైడ్రోజను. హైడ్రోజను బాంబు పరీక్షల వలన 1963 ప్రాంతంలో వానల్లో ఇది బాగా పెరిగింది. బోరు నీటిలో ఇది బొత్తిగా లేకపోతే, ఆ నీరు 1950కి పూర్వం ఇంకినదని భావిస్తారు. అట్టి నీటిని తోడితే మళ్లీ త్వరగా నిండదు.

మరీ పాత నీటికి 5,730 ఏళ్లకు సగమయ్యే కార్బన్-14 ఉపయోగపడుతుంది. అయితే సున్నపురాయి కోట్ల ఏళ్ల నాటిది. అందులో కార్బన్-14 లేదు. అది కరిగి కలిసినప్పుడు, నీళ్లు పోసిన పాలలో వెన్న శాతం తగ్గినట్లే, కార్బన్-14 పాలు తగ్గి నీరు ఉన్నదానికంటె పాతదిగా కనబడుతుంది. రాతి నుండి ఎంత కలిసిందో కార్బన్-13తో అంచనా వేసి లెక్కను సవరిస్తారు. ఇది పాల ఉష్ణోగ్రతను బట్టి లాక్టోమీటరు రీడింగును సవరించడం వంటిదే.

నత్రజనిలోను ఇట్టి తేడా ఉన్నది. పేడ, మూత్రం నుండి తేలికైన నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది గనుక వాటి నైట్రేటులో బరువైన నత్రజని-15 ఎక్కువ. యూరియా నుండి వచ్చినదానిలో తక్కువ. తప్పు పొలానిదా, పశువుల పాకదా అన్న వాదన తీర్చడానికి ఇది సాయపడుతుంది.

ఏ ఒక్క పరీక్షా చాలదు. పాలలో వెన్న తీస్తే లాక్టోమీటరు రీడింగు పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది, రెండూ చేస్తే సరిగానే కనబడుతుంది. అందుకే మనం వెన్న పరీక్ష కూడా చేస్తున్నాము. నీటికైనా రసాయన పరీక్ష, ఐసోటోపు పరీక్ష కలిపి చూడవలసినదే.

సంఘాలు చేయవలసినవి

1. బావి నీటిని వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి కఠినత్వం, క్లోరైడు, నైట్రేటులకు పరీక్ష చేయించవలెను. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించితే ముఖ్యంగా పసిబిడ్డలకు ప్రమాదం. కాచినందువలన నైట్రేటు పోదు; నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది.

2. వాన నీరు గుటుక్కున ఇంకిపోయే గుంటల్లో పేడ, చచ్చిన పశువులు, ఖాళీ మందు డబ్బాలు వేయరాదు. పెంటకుప్పను అక్కడినుండి, బావి నుండి దూరంగా తరలించవలెను.

3. ఐసోటోపు పరీక్షలు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, రూర్కీలోని జాతీయ జలశాస్త్ర సంస్థ వంటి చోట్ల జరుగుతాయి. ఇది ఒక్క సంఘానికి మోయలేని పని. చుట్టుపక్కల సంఘాలు తీర్మానం చేసి భూగర్భజల శాఖ ద్వారా కోరుట మంచిది.

4. నమూనా సీసాను గాలి లేకుండా అంచువరకు నింపి, బిగుతుగా మూతపెట్టి, బావి పేరు, లోతు, తేదీ రాయవలెను.

కొత్త బోరుకు డబ్బు కేటాయించే ముందు ఈ విషయాలను సర్వసభ్య సమావేశంలో చర్చించవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.