మెంతులు సాయం చేస్తాయి.. మాత్ర మానిపించవు!

కొలెస్ట్రాల్‌ ఎక్కువగా ఉందని తేలగానే చాలా ఇళ్లలో ముందుగా మొదలయ్యేది వంటింటి వైద్యమే. రాత్రిపూట మెంతులు నానబెడతారు. పరగడుపున వెల్లుల్లి రెబ్బలు మింగుతారు. ‘ఈ కషాయంతో గుండె రక్తనాళాల్లోని కొవ్వంతా కరిగిపోతుంది’ అని ఫోనుకు వచ్చిన సందేశాన్ని చుట్టాలందరికీ పంపిస్తారు. ఇంతవరకూ పెద్దగా నష్టం లేదు. ‘ఇక మాత్రలెందుకులే’ అనుకుంటేనే ముప్పు. వంటింట్లో దొరికే వాటిలో కొన్ని నిజంగానే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయి. అయితే అవి ఎంత తగ్గిస్తాయి, ఎవరికి సరిపోతాయి అనేది తెలుసుకోవటం ముఖ్యం.

జిగురులోనే కిటుకు

మెంతులను నానబెడితే జిగురు వస్తుంది. ఇసబ్గోల్, ఓట్స్, బార్లీ కూడా అంతే. బెండకాయను కోస్తే చేతికి అంటుకునేదీ ఇలాంటి జిగురే. ఇందులో ఉండేది కరిగే పీచు. మన కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడుకొని పైత్యరస ఆమ్లాలను తయారుచేసి, పేగుల్లోకి పంపిస్తుంది. కొవ్వును జీర్ణం చేసే పని అయ్యాక వీటిలో చాలా భాగం తిరిగి కాలేయానికి చేరుకుంటుంది. కరిగే పీచు వీటిని మధ్యలోనే పట్టుకొని మలంతో పాటు బయటకు పంపించేస్తుంది. ఆ లోటును పూడ్చుకోవటానికి కాలేయం రక్తంలోంచి చెడ్డ కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. అలా రక్తంలో దాని మోతాదు తగ్గుతుంది.

ఏది? ఎంత?

* ఇసబ్గోల్‌: రోజుకు 10 గ్రాములు, అంటే సుమారు రెండు పెద్ద చెంచాల పొట్టు తీసుకుంటే ఎల్‌డీఎల్‌ 7 శాతం వరకు తగ్గొచ్చు. దీన్ని పెద్ద గ్లాసు నీటితో తీసుకోవాలి. నీరు తక్కువైతే గొంతులో అడ్డుపడే ప్రమాదముంది.

* ఓట్స్, బార్లీ: రోజుకు 60-75 గ్రాముల ఓట్స్‌తో 5 శాతం వరకు ఫలితం కనిపిస్తుంది. చాలామంది బార్లీ నీళ్లు వడకట్టుకొని తాగి, గింజలు పారేస్తుంటారు. పీచు చాలావరకు గింజల్లోనే ఉండిపోతుంది. కాబట్టి ఉడికించిన గింజలనూ తినాలి. కిచిడీ, ఉప్మాలా చేసుకోవచ్చు.

* పప్పులు, గింజలు: కందిపప్పు, శనగలు, అలసందలు, రాజ్మా వంటివి ఉడికించినవి రోజుకు 130 గ్రాములు తింటే ఎల్‌డీఎల్‌ సుమారు 5 శాతం తగ్గుతున్నట్టు 26 అధ్యయనాలను కలిపి చూసిన 2014 విశ్లేషణలో తేలింది. పలుచని చారు లెక్కలోకి రాదు. ముద్దపప్పు, గుగ్గిళ్లయితే మేలు.

* బాదం, అక్రోట్లు, పల్లీలు: రోజుకు గుప్పెడు చాలు. సాయంత్రం మిక్చర్, మిరపకాయ బజ్జీలకు బదులుగా తింటేనే ప్రయోజనం. వాటితో పాటు ఇవీ తింటే బరువు పెరుగుతుంది.

మెంతుల సంగతి మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలోనే పరిశీలించారు. టైప్‌1 మధుమేహులపై చేసిన ఈ అధ్యయనం 1990లో ప్రచురితమైంది. మెంతి పిండితో గ్లూకోజుతో పాటు ఎల్‌డీఎల్‌ కూడా తగ్గింది. అయితే అందులో ఇచ్చింది కొవ్వు తీసేసిన పిండి, అదీ రోజుకు 100 గ్రాములు! మనం నానబెట్టే చెంచాడు మెంతులతో అంత ఫలితం ఆశించలేం.

అన్నీ కలిపి తింటే?

కెనడాలోని టొరంటో పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఓట్స్, బార్లీ, ఇసబ్గోల్, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్‌తో పాటు బెండకాయ, వంకాయ కూడా ఉన్న ఆహారాన్ని నెల రోజులు ఇచ్చారు. ఎల్‌డీఎల్‌ సుమారు 29 శాతం తగ్గింది. అదే సమయంలో స్టాటిన్‌ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతం. 2003లో వెలువడిన ఈ ఫలితాలు అందరినీ ఆశ్చర్యపరిచాయి. కానీ ఆ ఆహారాన్ని తూకం వేసి మరీ అందించారు. తర్వాత సలహాలు మాత్రమే ఇచ్చి, ఎవరి ఇంట్లో వాళ్లనే వండుకొమ్మన్నప్పుడు ఆరు నెలలకు తగ్గింది 13 శాతమే. మనలాంటి ఇళ్లకు వర్తించే లెక్క ఇదే. ఇదీ తక్కువేం కాదు.

ఆశ పెట్టి నిలబడనివి

వెల్లుల్లి వంటకు రుచి. కొలెస్ట్రాల్‌కు మాత్రం నమ్మదగ్గ మందు కాదు. అమెరికాలో 192 మందికి ఆరు నెలల పాటు పచ్చి వెల్లుల్లి, లేదా వెల్లుల్లి మాత్రలు, లేదా ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. ఎల్‌డీఎల్‌లో తేడా కనిపించలేదని 2007లో ప్రకటించారు. గుగ్గులు మీద మనదేశంలో 1960ల నుంచీ పరిశోధనలు జరిగాయి. అయితే 2003లో వెలువడిన అమెరికా అధ్యయనంలో గుగ్గులు సారం తీసుకున్నవారికి ఎల్‌డీఎల్‌ కాస్త పెరిగింది! దాల్చినచెక్క, పసుపు, వెల్లుల్లి, చేపనూనె వంటి ఆరు రకాల సప్లిమెంట్లను తక్కువ మోతాదు రోసువాస్టాటిన్‌తో పోల్చిన అధ్యయనం 2022లో వచ్చింది. నాలుగు వారాల్లో మాత్రతో ఎల్‌డీఎల్‌ 38 శాతం వరకు తగ్గగా, సప్లిమెంట్లేవీ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగనిపించుకోలేదు.

మాత్ర పుట్టిందీ ప్రకృతిలోనే

‘మాత్రలు రసాయనాలు, మొక్కలు సహజం’ అని భయపడేవారు ఒక విషయం గుర్తించాలి. తొలి స్టాటిన్‌ను జపాన్‌ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో ఒక రకం బూజులోంచే వేరుచేశారు. ‘సహజం’ పేరుతో అమ్మే ఎర్ర ఈస్టు బియ్యం క్యాప్సూళ్లలో ఉండేదీ లోవాస్టాటిన్‌ మందే. కాకపోతే ఎంత ఉందో తెలియదు. స్టాటిన్‌ వేసుకుంటూ ఇవీ మింగితే మోతాదు ఎక్కువై కండరాలు, కాలేయం దెబ్బతినొచ్చు.

ఎవరికి ఆహారం సరిపోదు?

గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, స్టెంట్‌ వేయించుకున్నవారికి ఎల్‌డీఎల్‌ 55 కన్నా తక్కువ ఉండాలని భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 130 ఉన్నవారు ఆహారంతో 13 శాతం తగ్గించుకున్నా 113 దగ్గరే ఆగిపోతారు. వీరు సొంతంగా మాత్ర మానేస్తే మళ్లీ గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఎల్‌డీఎల్‌ 190 దాటినవారికీ మందులు అవసరమవుతాయి. కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారుంటే పిల్లలకూ పరీక్ష చేయించాలి. థైరాయిడ్‌ మందగించినా కొలెస్ట్రాల్‌ పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్షా అవసరమే.

ఎల్‌డీఎల్‌ కొద్దిగానే ఎక్కువుండి మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బు లేనివారు డాక్టర్‌ సలహాతో మూడు నెలలు ఆహార మార్పులు పాటించి, మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు.

ఇవి మరవొద్దు

* నెయ్యి, వనస్పతి, పామాయిల్, కొబ్బరినూనె తగ్గించకుండా మెంతులు తింటే ఫలితం అంతంతే.
* ఇసబ్గోల్‌కూ ఇతర మాత్రలకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్‌ మాత్ర వేసుకునేవారు ఇంకాస్త ఎక్కువ ఎడం పాటించాలి.
* రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు వెల్లుల్లి క్యాప్సూళ్ల జోలికి వెళ్లొద్దు. కూరలో వేసుకునేదానితో ఇబ్బంది లేదు.
* స్టాటిన్‌తో ఒళ్లు నొప్పులుంటే మానెయ్యకుండా డాక్టర్‌కు చెప్పాలి. మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు.
* వాడుతున్న ఆకులు, పొడులు, కషాయాల గురించీ డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.