కేరీలో ఇల్లు: చెవిన పడే మాటలు, కాగితం మీది మాటలు

నార్త్ కరోలినాలోని కేరీకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి ఇల్లు కొనడం గురించి సలహాలకు కొదవ ఉండదు. వేంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం వరుసలో, పిల్లల పుట్టినరోజు పార్టీల్లో, మోరిస్‌విల్ చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ చూస్తున్నప్పుడు, ఎక్కడ నలుగురు కలిసినా మాట ఇళ్ళ మీదికి మళ్ళుతుంది. రాలీ, డర్హమ్ నగరాల మధ్య 1959లో మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పుణ్యమా అని ఒకప్పటి ఈ చిన్న రైల్వే ఊరు 2020 లెక్కలకు 1,74,721 మంది జనాభాకు చేరింది. కాగితాల మీద ఇప్పటికీ దీని పేరు ‘టౌన్ ఆఫ్ కేరీ’యే.

సలహా ఇచ్చేవాళ్ళందరూ మన మంచి కోరేవాళ్ళే. అయితే వాళ్ళలో చాలామందికి తెలిసింది హైదరాబాదులోనో డాలస్‌లోనో కొన్న అనుభవం. రాష్ట్రం మారితే ఒప్పందం మారుతుంది, కౌంటీ మారితే బడీ పన్నూ రెండూ మారతాయి. ఆ తేడా తెలియక ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. అందుకే ఇక్కడ తరచుగా వినిపించే మాటల్ని ఒక్కొక్కటిగా కాగితాల పక్కన పెట్టి చూద్దాం.

“డ్యూ డిలిజెన్స్ ఫీజు అంటే మన బయానాయే. ఇంట్లో లోపం బయటపడితే తిరిగి ఇచ్చేస్తారు”

ఇవ్వరు. అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే.

నార్త్ కరోలినాలో పాత ఇళ్ళ అమ్మకాలకు వాడే ప్రామాణిక ఒప్పందంలో కొనేవారు ముందుగా ఇచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి ఎర్నెస్ట్ మనీ. ఇది మధ్యవర్తి చూసుకునే ఎస్క్రో ఖాతాలో ఉంటుంది. రెండోది డ్యూ డిలిజెన్స్ ఫీజు. ఇది నేరుగా అమ్మేవారి చేతికి వెళ్తుంది. దానికి బదులుగా మనకు దొరికేది కొంత గడువు. ఆ గడువులోపల ఇన్‌స్పెక్షన్, అప్రైజల్, లోన్ పనులు చూసుకుని, ఏ కారణం చెప్పకుండానే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. అలా తప్పుకుంటే ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుంది. డ్యూ డిలిజెన్స్ ఫీజు మాత్రం రాదు. పునాదిలో పగులు కనబడినా, ఇంటి కిందుండే క్రాల్ స్పేసులో చెదలు పట్టి ఉన్నా, అప్రైజల్ తక్కువ వచ్చినా రాదు. అమ్మేవారే ఒప్పందాన్ని ఉల్లంఘించడం లాంటి అరుదైన సందర్భాల్లో తప్ప దాని మీద మనకు హక్కు లేదు. కొనుగోలు పూర్తయితే ఆ మొత్తాన్ని ఇంటి ధరలో మినహాయిస్తారు.

టెక్సస్ నుంచి వచ్చినవాళ్ళు దీన్ని అక్కడి ఆప్షన్ ఫీజుతో పోల్చుకుంటారు. అక్కడ అది సాధారణంగా కొన్ని వందల డాలర్లు. ఇక్కడ 2021, 2022లలో ఇళ్ళకు పోటీ విపరీతంగా పెరిగినప్పుడు ఈ ఫీజు పదుల వేల డాలర్లకు వెళ్ళింది. నిజానికి ఇంత ఇవ్వాలని చట్టం ఎక్కడా చెప్పదు. ఫీజు ఎంత, గడువు ఎన్ని రోజులు అన్నవి రెండూ బేరంతో తేలేవే. “అందరూ ఇస్తున్నారు” అన్న మాట వినగానే చెక్కు రాయకండి. ఆ మొత్తం పూర్తిగా పోయినా తట్టుకోగలమా అని ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. “లోన్ రాకపోతే ఒప్పందం దానంతటదే రద్దవుతుంది” అనే షరతు ఈ ప్రామాణిక ఒప్పందంలో లేదు. గడువు దాటాక ఉద్యోగం పోయి, బ్యాంకు వెనక్కి తగ్గితే ఎర్నెస్ట్ మనీ కూడా పోయే ప్రమాదం ఉంది. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన తర్వాత గరిష్ఠంగా దొరికేది 60 రోజులు. ఆ స్థితిలో ఇంటి డబ్బు కూడా చేజారితే ఆ కుటుంబం పడే క్షోభ మాటల్లో చెప్పలేం. కంపెనీలో లేఆఫ్‌ల మాట వినిపిస్తుంటే ఫీజు తగ్గించమని, గడువు పెంచమని గట్టిగా అడగండి. ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదిలేయండి.

“ఇల్లు ఆ బడి పక్కనే కాబట్టి సీటు గ్యారంటీ”

మనవాళ్ళు కేరీలో ఇల్లు వెతకడం సాధారణంగా బడి పేరుతోనే మొదలవుతుంది. గ్రీన్ హోప్, పాంథర్ క్రీక్, గ్రీన్ లెవెల్... ఈ హైస్కూళ్ళ పేర్లు ఇంటి ప్రకటనలో కనబడితే చాలు, వంటగది చూడకుండానే సగం మనసు ఒప్పేసుకుంటుంది. వేక్ కౌంటీ బడుల వ్యవస్థ మాత్రం దూరం కొలిచి సీటు ఇవ్వదు. ప్రతి చిరునామాకూ ఒక ‘బేస్ స్కూల్’ కేటాయిస్తుంది. సుమారు 1,60,000 మంది పిల్లలున్న వ్యవస్థ ఇది. కొత్త కాలనీలు లేచిన కొద్దీ, కొత్త బడులు తెరిచిన కొద్దీ ఆ కేటాయింపులు మారుతూనే ఉంటాయి. 2019లో గ్రీన్ లెవెల్ హైస్కూలు తెరిచినప్పుడు కూడా చుట్టుపక్కల హద్దులు మారాయి.

దీనికి తోడు ‘ఎన్‌రోల్‌మెంట్ క్యాప్’ ఒకటుంది. బడి నిండిపోతే పరిమితి పెడతారు. అప్పుడు ఆ హద్దులోకి కొత్తగా వచ్చిన కుటుంబపు పిల్లల్ని ‘ఓవర్‌ఫ్లో స్కూల్’ అనే వేరే బడికి పంపవచ్చు. పక్కింటి పాప ఎదుటి బడికి నడిచి వెళ్తుంటే మన పాప బస్సెక్కి ఇంకో బడికి వెళ్ళవచ్చు. తప్పు ఎవరిదీ కాదు, నిబంధన అది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఉత్తరాల మీద ‘కేరీ’ అని ఉన్నంత మాత్రాన ఇల్లు వేక్ కౌంటీలో ఉన్నట్టు కాదు. పడమటి వైపు కేరీ చాథమ్ కౌంటీలోకి విస్తరించింది. ఆంబర్లీ లాంటి కాలనీల్లో కొంత భాగం వేక్‌లో ఉంటే కొంత చాథమ్‌లో ఉంది. చాథమ్ వైపు ఇంటికి పన్ను వేరు, బడుల వ్యవస్థే వేరు. ఊరి పేరు తపాలా శాఖ సౌకర్యం కోసం పెట్టుకున్నది. కౌంటీ గీత దాన్ని పట్టించుకోదు. అందుకే ప్రకటనలో బడి పేరు చూసి నమ్మకండి. బడుల వ్యవస్థ వెబ్‌సైటులో ఇంటి నంబరుతో సహా చిరునామా కొట్టి చూడండి, క్యాప్ ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. ఈ పని ఆఫర్ రాయకముందే జరగాలి.

“వెనక అంతా అడవే, ఎప్పటికీ అలాగే ఉంటుంది”

వెనక చెట్లున్న లాటుకు బిల్డర్ అదనంగా వసూలు చేస్తాడు, మనమూ సంతోషంగా ఇస్తాం. వరండాలో కూర్చుంటే పైన్ చెట్లు, అప్పుడప్పుడూ లేళ్ళు! ఆ చెట్లున్న నేల ఎవరిదని అడిగేవాళ్ళు తక్కువ. అది పొరుగు రైతుదో ఇంకో డెవలపర్‌దో అయితే నాలుగేళ్ళకు అక్కడ టౌన్‌హోమ్‌లు లేవవచ్చు. పక్కాగా మిగిలే పచ్చదనం కొంత ఉంది: కాలనీ ఇంటి యజమానుల సంఘం (హెచ్ఓఏ) ఉమ్మడి స్థలం, గ్రీన్‌వే, వాగుల గట్లు. నూస్ నది పరీవాహకంలో వాగుకు ఇరువైపులా 50 అడుగుల మేర చెట్లను కాపాడాలని రాష్ట్ర నిబంధన ఉంది. వేక్ కౌంటీ ‘ఐమ్యాప్స్’లో ఏ ముక్క ఎవరి పేరున ఉందో, దాని జోనింగ్ ఏమిటో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

“ఇంటి విలువ యాభై శాతం పెంచారు, పన్నూ అంతే పెరుగుతుంది”

2024లో వేక్ కౌంటీ ఆస్తుల విలువ మళ్ళీ కట్టినప్పుడు నివాస గృహాల విలువ సగటున 53 శాతం పెరిగింది. ఆ నోటీసులు వచ్చిన వారంలో ఫోన్లలో ఒకటే కలవరం. విలువలు పెరిగినప్పుడు సాధారణంగా పన్ను రేటు తగ్గిస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. కౌంటీ రేటు వంద డాలర్ల విలువకు 65.7 సెంట్ల నుంచి 51.35 సెంట్లకు తగ్గింది.

ఉదాహరణకు పాత విలువ 4 లక్షల డాలర్లున్న ఇంటిని తీసుకుందాం. పాత లెక్కలో కౌంటీ పన్ను 2,628 డాలర్లు. విలువ 53 శాతం పెరిగి 6,12,000 అయితే కొత్త పన్ను సుమారు 3,143. అంటే పెరుగుదల 20 శాతం లోపే. అదే ఇల్లు 20 శాతమే పెరిగి 4,80,000 దగ్గర ఆగి ఉంటే పన్ను సుమారు 2,465 డాలర్లకు తగ్గేది. మన ఇంటి విలువ పెరుగుదల, రేటు తగ్గిన మేరను మించిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. టౌన్ పన్ను దీనికి అదనం, దాని రేటు కూడా విడిగా మారుతుంది. 

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. దానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆస్తి మన పేరున ఉంటే చాలు. “మనం వీసా మీద ఉన్నాం, ప్రభుత్వంతో గొడవెందుకు” అని ఊరుకునే పెద్దమనుషులను చూస్తే బాధ కలుగుతుంది. అప్పీలు గొడవ కాదు, మామూలు దరఖాస్తు. తర్వాతి విలువ కట్టింపు 2027లో.

“కొత్త ఇల్లే కదా, ఇన్‌స్పెక్షన్ దేనికి? మోడల్ హోమ్‌లో ఆవిడ అన్నీ చూసుకుంటుంది”

ఆవిడ ఎంత ఆత్మీయంగా మాట్లాడినా ఆమె బిల్డర్ ప్రతినిధి. బిల్డర్ ఒప్పందం కూడా పైన చెప్పిన ప్రామాణిక ఒప్పందం కాదు, వాళ్ళ వకీళ్ళు రాసుకున్నది. టౌన్ ఇన్‌స్పెక్టర్ చూసేది బిల్డింగ్ కోడ్‌లోని కనీస ప్రమాణాలు. గోడలకు ప్లాస్టర్‌బోర్డు బిగించకముందు ఒకసారి, తాళాలు తీసుకోకముందు ఒకసారి, వారంటీ మొదటి ఏడాది ముగిసేలోగా మరోసారి లైసెన్సున్న సొంత ఇన్‌స్పెక్టర్‌తో చూపించుకోండి. అటకలో పరవని ఇన్సులేషన్, ఇంటివైపే వాలిన పెరటి నేల లాంటివి ఇబ్బంది మొదలయ్యేదాకా మన కంటబడవు.

“సముద్రం ఎంతో దూరం, ఇక్కడ వరదేమిటి”

1996లో ఫ్రాన్ తుపాను రాలీని అతలాకుతలం చేసింది. 2024లో హెలీన్ కొండల్లో ఉన్న ఆష్‌విల్‌ను ముంచింది. 2025 జులైలో షాంటల్ వల్ల చాపెల్ హిల్, డర్హమ్ ప్రాంతాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. మామూలు ఇంటి బీమా వరద నష్టానికి వర్తించదు. ఫెడరల్ వరద బీమా విడిగా తీసుకోవాలి. సాధారణంగా అది తీసుకున్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు కాబట్టి, తుపాను వార్త విన్నాక పరుగెత్తితే లాభం లేదు.

“మనవాళ్ళు ఏ కాలనీలో ఎక్కువో ఏజెంటు చెప్పడం లేదు, ఏదో దాస్తోంది”

ఆమె చట్టాన్ని పాటిస్తోంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం లాంటివి చూసి కొనేవారిని ఒక పేట వైపు నడపడం చట్టవిరుద్ధం. మనకు మంచి చేస్తున్నాననుకుని చెప్పినా అంతే.

ఈ చట్టం వెనక దక్షిణాది చరిత్ర ఉంది. రాలీ, డర్హమ్‌లలో కొన్ని పాత కాలనీల దస్తావేజుల్లో ‘తెల్లవారు కానివారికి అమ్మరాదు’ అన్న అర్థంలో షరతులుండేవి. 1948లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయరాదని చెప్పింది. డర్హమ్‌లో నల్లజాతి వ్యాపారులు, వైద్యులు కట్టుకున్న హేటై పేట అర్బన్ రెన్యూవల్ పేరుతోనూ, ఫ్రీవే కోసమూ 1960, 70లలో చాలావరకు నేలమట్టమైంది. ఈ రోజు డర్హమ్ ఫ్రీవే మీద కారు నడిపే మనం ఆ ఇళ్ళు ఉన్న చోటు మీదుగానే వెళ్తున్నాం. ఆ షరతులే అమల్లో ఉండి ఉంటే ఆ కాలనీల్లో మనకూ ఇల్లు దొరికేది కాదు. ఏజెంటు మౌనం మనల్ని కాపాడే మౌనం. మనవాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే సాయంత్రం ఆ వీధుల్లో నాలుగడుగులు నడవండి, ఎదురైనవాళ్ళను పలకరించండి.

“హెచ్ఓఏ అంటే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటిదే”

కాదు. బకాయి కట్టకపోతే ఇంటి మీద లియెన్ (బకాయి హక్కు) వేసి, చివరికి ఇంటిని వేలానికి తెచ్చే అధికారం దానికి ఉంది. ఇల్లు అద్దెకివ్వడం మీద కూడా కవెనెంట్లలో (కాలనీ నిబంధనల పత్రాల్లో) పరిమితులుండవచ్చు. “కొన్నేళ్ళయ్యాక ఇండియా వెళ్తాం, అద్దెకిచ్చేద్దాం” అనుకునేవాళ్ళు ఆ పేజీ ముందు చదవాలి.

అయితే దాని మాట వేదవాక్కూ కాదు. రాలీలో ఒక కుటుంబం పెట్టుకున్న సోలార్ ప్యానెళ్ళను తీయించాలని హెచ్ఓఏ కోర్టుకెక్కింది. సోలార్ ప్రస్తావనే లేని కవెనెంట్లలోని సాధారణ నిబంధనతో అలా అడ్డుకోలేరని 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త కాలనీలో మొదట్లో బోర్డు బిల్డర్ చేతిలో ఉంటుంది. ఇళ్ళు అమ్ముడయ్యాక నివాసుల చేతికి వస్తుంది. అప్పుడు బోర్డు ఎన్నికల్లో మనవాళ్ళు నిలబడాలి. వీసా ఏదైనా సరే, ఇంటి యజమానికి అక్కడ ఓటుంది.

“ఇవన్నీ సిటిజన్ల వ్యవహారాలు, మనం మాట్లాడేదేముంది”

ప్రభుత్వ ఎన్నికల్లో ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి. మాట్లాడటానికి అక్కర్లేదు. పైన చెప్పినవాటిలో చాలా వరకు బహిరంగ సమావేశాల్లో తేలేవే. బడుల బోర్డు అసైన్‌మెంట్ ప్లాన్ ముసాయిదా పెట్టి తల్లిదండ్రుల అభిప్రాయం అడుగుతుంది. జులై 1న మొదలయ్యే బడ్జెట్ కోసం కౌంటీ కమిషనర్లు ముందే పబ్లిక్ హియరింగ్ పెడతారు. వెనక అడవిని రీజోన్ చేయాలంటే టౌన్ కౌన్సిల్ ముందు విచారణ జరగాలి, ఆ స్థలంలో బోర్డు పాతాలి. ఆ బోర్డు మీద కేసు నంబరు ఉంటుంది. హియరింగులో పేరు నమోదు చేసుకున్నవారికి కొద్ది నిమిషాలు మైకు ఇస్తారు. ఇంగ్లీషు ధారాళంగా రానక్కర్లేదు, చెప్పేది కాగితం మీద రాసుకుని చదివినా వింటారు. వెళ్ళలేనివాళ్ళు ఈమెయిల్ పంపినా కౌన్సిల్ సభ్యులకు చేరుతుంది.